మజిలీ కథల నుంచి వెండితెర మాయ దాకా: గోదావరి సీమ అద్భుత కథల ప్రస్థానం

తెలుగు సినిమాలను పౌరాణికాలు, చారిత్రకాలు, సాంఘికాలు, జానపదాలు అని విడదీసి చెప్పుకోవడం చాలాకాలంగా వస్తున్న పద్ధతి. ఈ నాలుగింటిలో జానపదమనే పేరుకు పల్లెపాటలతోనూ పల్లె ఆటలతోనూ సంబంధం తక్కువ. ఏ పురాణంలోనూ లేని రాజ్యాలు, ఏ చరిత్రలోనూ కనిపించని రాజులు, మాంత్రికులు, శాపం తగిలిన గంధర్వకాంతలు, ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్న దుర్మార్గులు ఉండే కల్పిత కథకు సినిమావాళ్ళు పెట్టుకున్న పేరది, పాశ్చాత్య సాహిత్యంలో ఫాంటసీ అని వ్యవహరించే శాఖకు తెలుగులో దాదాపు సాటి వచ్చేది. ఈ శాఖకు ముడిసరుకు ఎక్కడినుంచి వచ్చిందని వెతుక్కుంటూ పోతే దారి మద్రాసు స్టూడియోల దగ్గర ఆగదు; రాజమహేంద్రవరపు అచ్చుకూటాల దాకా, కాకినాడ నాటక సమాజాల దాకా వెనక్కి వెళ్తుంది. ఆ దారిని శ్రద్ధగా గమనిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది: పుస్తకానికీ తెరకూ నడుమ రంగస్థలం ఒకటి ఉండటమే ఇక్కడ నిర్ణాయకమైంది, నాటకం అలవాటు చేసిన అద్భుతం సినిమాగా నిలిచింది, నాటకం ముట్టని అద్భుతం చాలావరకు పుస్తకంలోనే ఉండిపోయింది.

ఈ చరిత్రలో మొదట చెప్పుకోవలసిన పుస్తకం మధిర సుబ్బన్న దీక్షితులు (1868–1928) రచించిన కాశీమజిలీ కథలు. రాజమహేంద్రవరం కేంద్రంగా వెలువడి పన్నెండు భాగాలకు విస్తరించిన ఈ గ్రంథానికి కట్టిన చట్రం సరళమైనది. మణిసిద్ధుడనే యతి కాలినడకన కాశీకి బయలుదేరుతూ తోడు కోసం వెతుకుతాడు. దూరాభారానికి జడిసి ఎవరూ రాకపోతే, పశువులు కాచుకునే ఒక కుర్రవాడు, దారిలో తాను చూసిన వింతల గురించి అడిగినప్పుడల్లా కథ చెప్పాలనే షరతు పెట్టి వెంట వస్తాడు. మజిలీ అంటే బాటసారి వంట చేసుకుని, తిని, రాత్రికి తలదాచుకునే విడిది. ఒక్కొక్క మజిలీలో పిల్లవాడు ఊళ్ళో తిరిగి వచ్చి ఏదో ఒక శిలావిగ్రహం గురించో, పాడుబడిన కోట గురించో అడుగుతాడు. యతి తన మణి మహిమతో ఆ వింత వెనుక ఉన్న వృత్తాంతం తెలుసుకుని చెబుతాడు. రైలు వచ్చిన తరువాత కాలినడక కాశీయాత్ర అరుదైపోతున్న రోజుల్లో ఆ యాత్ర చుట్టూ ఇంత పెద్ద కథాసముద్రం అచ్చులో నిలవడం విశేషమే. బృహత్కథ, భోజ విక్రమార్కుల కథలు, అరేబియన్ నైట్స్, నోటి మాటగా వచ్చిన పల్లె కథలు అన్నీ అందులో కలిశాయి. భాష గ్రాంథికమే అయినా, చదువు వచ్చిన ఒకరు అరుగు మీద కూర్చుని పైకి చదువుతుంటే చదువు రానివారు చుట్టూ చేరి విన్న పుస్తకమది.

సినిమాగా మార్చే దృష్టితో చూస్తే కాశీమజిలీ కథల్లో ఒక పెద్ద సౌలభ్యం, ఒక పెద్ద చిక్కు ఉన్నాయి. సౌలభ్యమేమిటంటే ప్రతి కథా కంటికి కనిపించే ఒక వింతతో మొదలవుతుంది, అంటే రచయిత ముందే దృశ్యాన్ని నిలబెట్టి తరువాత దాని కారణాన్ని విప్పుతాడు. చిక్కు కథనపు అల్లికలో ఉంది. ఒక పాత్ర తన కథ చెబుతుండగా ఆ కథలోని మరో పాత్ర తన కథ ఎత్తుకుంటుంది, అది ముగియకముందే మజిలీ ముగుస్తుంది, మిగతాది తరువాతి మజిలీకి వాయిదా పడుతుంది. పాఠకుడికి ఈ వాయిదాయే రుచి. రెండున్నర మూడు గంటల్లో ఒక నాయకుణ్ణి పట్టుకుని నడవవలసిన సినిమాకు అదే అడ్డు. అందువల్ల ఈ గ్రంథాన్ని తెరకు తెచ్చినవారెవరూ దానిని ఉన్నదున్నట్టు తీయలేదు, తీయలేరు కూడా. అల్లికలోంచి ఒక పోగు లాగి దాన్ని కొత్తగా నేసుకున్నారు. అనుసరణ అంటే ఇక్కడ ఇదే: మూలాన్ని మాట మాటకూ అనువదించడం కాదు, దాని ప్రాణం ఉన్న భాగాన్ని ఎరిగి మరో మాధ్యమపు అవసరాలకు తగినట్టు తిరిగి కట్టడం.

పుస్తకంలోని మాయను మనుషుల ముందు నిజంగా జరిపించడమెలాగో మొదట నేర్చుకున్నది నాటకరంగం. 1890లో చిలకమర్తి లక్ష్మీనరసింహం రాజమహేంద్రవరంలో ప్రదర్శన కోసమే రాసిన గయోపాఖ్యానం ఆకాశంలో పోతున్న గంధర్వుడు ఉమ్మిన తాంబూలం కృష్ణుడి దోసిట పడటంతో నడుస్తుంది. ఆ ఒక్క ఉమ్ము నుంచి కృష్ణార్జునుల మధ్య యుద్ధం దాకా కథ పెరుగుతుంది. ఆ నాటకం ఎన్ని ఊళ్ళలో ఆడిందో, ఎన్ని ముద్రణలు పొందిందో తెలుగు నాటకచరిత్రలో ప్రసిద్ధమే, ఏడు దశాబ్దాల తరువాత 1963లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన శ్రీకృష్ణార్జున యుద్ధం దాని మీదే ఆధారపడింది. మరోవైపు 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజం తెలుగుదేశమంతటా తిరుగుతూ మాయాబజార్, బాలనాగమ్మ వంటి నాటకాలను ఆడింది. సురభి వారి విద్య అంతా తాళ్ళు, కప్పీలు, సన్నని తీగలు, రంగులద్దిన తెరలు, వేదిక అడుగున ఉండే గుంటల మీద నడిచింది. నారదుడు మేఘాల మీదుగా దిగడం, ఎదురెదురుగా వదిలిన బాణాలు గాలిలో ఢీకొని నిప్పులు కక్కడం, ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు తమంతట తామే ఎగిరిపోవడం, ఇవన్నీ తెర పక్కన నిలబడ్డ మనిషి చేతిలోని తాడు సరైన క్షణంలో కదిలితేనే జరిగేవి. మాయ అంటే కాలాన్ని గురి చూసి చేసే పని అన్న ఎరుకను సినిమాకు ఇచ్చింది ఈ రంగస్థలమే.

కాకినాడ ఈ ఎరుకకు నటులను అందించింది. అక్కడి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ ఔత్సాహిక నటుల సమాజం, అంటే నటన మీద బతకకుండా ఇష్టంకొద్దీ నాటకాలాడేవారి సంఘం. రేలంగి వెంకట్రామయ్య, ఎస్.వి. రంగారావు వంటివారు అక్కడ నాటకాలాడి ఎదిగినవారు. పెద్దాపురంలో పుట్టిన అంజలీదేవి కూడా కాకినాడ నాటకాల నుంచే సినిమాకు వెళ్ళారు. తరువాతి కాలపు జానపద చిత్రాల్లో మాంత్రికుడిగా, రాజుగారి బావమరిదిగా, మోహినిగా కనిపించిన ముఖాలు ఇంత చిన్న చోటినుంచి రావడం యాదృచ్ఛికమని కొట్టిపారేయడానికి వీల్లేదు. గట్టి గొంతు, దూరంగా కూర్చున్నవాడికి కూడా అర్థమయ్యే కనుబొమల కదలిక, వచనం, పద్యం రెండింటి మీదా సమానమైన పట్టు, ఇవి లేని నటుడు మాంత్రికుడి వేషం వేస్తే పిల్లలు కూడా జడవరు.

కాకినాడవాడే అయిన చిత్తజల్లు పుల్లయ్య (సి. పుల్లయ్య) ఈ చరిత్రలో కీలకమైన మనిషి. మూకీల కాలంలోనే కాకినాడలో భక్త మార్కండేయ తీసి, తరువాత కలకత్తాలోని ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీకి సతీ సావిత్రి (1933), లవకుశ (1934) తీసిన ఈ దర్శకుడు నాటకాన్ని సినిమాగా మలచడంలో సిద్ధహస్తుడు. 1939లో కాళ్ళకూరి నారాయణరావు నాటకం వరవిక్రయాన్ని అదే పేరుతో చిత్రించాడు. 1942లో జెమినీ సంస్థ కోసం తీసిన బాలనాగమ్మకు మాత్రం పేరున్న రచయిత ఎవరూ లేరు. అది బుర్రకథలుగా, నాటకాలుగా జనంలో నలిగిన గాథ. కాంచనమాల బాలనాగమ్మగా, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీగా నటించిన ఆ చిత్రంలో మాంత్రికుడి ప్రాణం సప్తసముద్రాల అవతల చిలకలో ఉంటుంది, తల్లిని విడిపించడానికి కొడుకు బాలవర్ధిరాజు దాన్ని పట్టుకుని వస్తాడు. ఈ రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూడటం అవసరం. సాంఘిక నాటకం తెరకెక్కినప్పుడు దాని రచయిత పేరూ వెంట వచ్చింది. అద్భుత కథ తెరకెక్కినప్పుడు అది అందరి సొత్తు అయింది, చెప్పినవాడి పేరు అడిగినవారు లేరు. ఈ తేడా తరువాతి దశాబ్దాల్లో చెరగలేదు సరికదా ఇంకా బలపడింది.

సినిమా నిర్మాణమే గోదావరి ఒడ్డున స్థిరపడాలన్న ప్రయత్నం కూడా ఆ రోజుల్లోనే జరిగింది. నిడమర్తి సూరయ్య 1936లో రాజమహేంద్రవరంలో దుర్గా సినీటోన్ అనే స్టూడియోను నెలకొల్పి సంపూర్ణ రామాయణం నిర్మించారు. ఆంధ్ర ప్రాంతంలో వెలసిన తొలి స్టూడియోగా దానికి పేరుంది. అది ఎక్కువకాలం సాగలేదు. కెమెరాలు, ముడి ఫిలిం, దాన్ని కడిగే ప్రయోగశాలలు, సాంకేతిక నిపుణులు అన్నీ మద్రాసులో ఒకచోట పోగుపడుతున్న కాలంలో ఒంటరి స్టూడియో నిలదొక్కుకోవడం కష్టం. ఫలితంగా కథలూ నటులూ డెల్టా నుంచి బయలుదేరి మద్రాసు చేరడం, చిత్రాలు అక్కడ తయారై డెల్టాలోని టాకీసులకు తిరిగి రావడం స్థిరమైన ఏర్పాటైంది.

పుస్తకం ఎంత గొప్పదైనా తెర మీద నిలవాలన్న నియమం లేదని చెప్పడానికి ఎస్.వి. రంగారావు తొలి చిత్రమే ఉదాహరణ. 1940ల నడుమ బి.వి. రామానందం తీసిన వరూధిని అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ప్రవరుడి కథ. సిద్ధుడిచ్చిన పాదలేపనం పూసుకుని క్షణంలో హిమాలయానికి చేరి, మంచుకు ఆ పసరు కరిగిపోవడంతో ఇంటిదారి లేక అక్కడ చిక్కుకుపోయిన బ్రాహ్మణుడి వృత్తాంతానికి ఫాంటసీ లక్షణాలన్నీ ఉన్నాయి, పైగా మాయకు ఒక పరిమితి, ఆ పరిమితి వల్లనే ఆపద అనే బిగువైన తర్కం కూడా ఉంది. అయినా చిత్రం ఆడలేదు. పద్యంలో వర్ణన మీద నిలిచిన కావ్యానికి సంఘటనల బలం తక్కువ కావడం ఒక కారణం కావచ్చు. కాశీమజిలీ కథల పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు: వర్ణన పలుచన, సంఘటన దట్టం.

ఆ దట్టదనాన్ని సంపూర్ణంగా వాడుకున్న చిత్రం 1951 మార్చి 15న విడుదలైన పాతాళభైరవి. నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థ నిర్మాణం, కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన. కాశీమజిలీ కథల్లోని ఒక కథను ఆధారం చేసుకుని, దానికి అల్లావుద్దీన్ అద్భుతదీపం ఛాయలు చేర్చి పింగళి ఈ కథ అల్లారు. ఉజ్జయిని తోటమాలి కొడుకు తోటరాముడు రాజకుమారి ఇందుమతిని ప్రేమిస్తాడు. ఆమెను పెళ్ళాడాలంటే రాజుకు సమానమైన సిరి తెమ్మంటాడు రాజు. అదే సమయంలో సాహసవంతుడైన యువకుణ్ణి పాతాళభైరవికి బలి ఇచ్చి, కోరినది ఇచ్చే ప్రతిమను సాధించాలని నేపాళ మాంత్రికుడు అతణ్ణి వల వేసి పట్టుకుంటాడు. బలి ఇవ్వబోయినవాడే బలి అయ్యే ఈ మలుపు బేతాళ పంచవింశతిలో విక్రమార్కుణ్ణి శ్మశానానికి రప్పించిన భిక్షువు కథలో ఉన్నదే. దేవి చేతికి వచ్చిన ప్రతిమ అల్లావుద్దీన్ దీపం చేసే పనులన్నీ చేస్తుంది: మేడలు కడుతుంది, సంపద ఇస్తుంది, శత్రువు చేతికి చిక్కితే ఆ మేడలను పెళ్ళికూతురితో సహా ఎత్తుకుపోతుంది. సంస్కృత కథా సంప్రదాయం, అరబ్బు కథ, రాజమహేంద్రవరపు గ్రంథం ఒకే కథలో కలిసినా ఎక్కడా అతుకు కనిపించకపోవడానికి కారణం తోటరాముడి పాత్ర. మూల కథల్లో నాయకుడు సాధారణంగా రాజకుమారుడో, అదృష్టం వరించిన అమాయకుడో. ఇక్కడ అతడు పని చేసుకుని బతికే తల్లికి కొడుకు, రాజు ముఖం మీదే మాట్లాడగలవాడు. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్ళు కూడా నిండని కాలంలో ఆ మార్పు ప్రేక్షకుణ్ణి ఎంతగా పట్టుకుందో ఎన్.టి. రామారావుకు ఆ చిత్రం తెచ్చిన పేరే చెబుతుంది.

అంతకంటె పెద్ద మార్పు మాంత్రికుడిది. కథల పుస్తకంలో మాంత్రికుడు కథను కదిపే ఉపకరణం, అతడికి ముఖం ఉండదు. పింగళి అతడికి ఒక ప్రత్యేకమైన మాటతీరు కల్పించారు, అతడు గురువులా పిలుస్తూ బలిపశువును బుజ్జగిస్తాడు, విజయం మీద అతడి నమ్మకం వినోదంగానూ భయంగానూ ఒకేసారి వినిపిస్తుంది. ఆ మాటలను కాకినాడ నాటకాల్లో తర్ఫీదైన రంగారావు గొంతు పలికింది. ముప్పై రెండేళ్ళ నటుడు గడ్డం నిమురుకుంటూ ఒక్కొక్క అక్షరాన్ని సాగదీసి, చివరి అక్షరం దగ్గర హఠాత్తుగా తెంచే తీరు రంగస్థలపు విద్య. దానిని తెరకు తగిన కొలతకు తగ్గించడం ఆయన సొంత ప్రతిభ. రాజుగారి బావమరిది శూరసేనుడిగా వేసిన రేలంగిదీ గోదావరి సీమే. సురభి తాళ్ళూ కప్పీలూ చేసిన పనిని ఈ చిత్రంలో మార్కస్ బార్ట్‌లీ కెమెరా చేసింది. అప్పటి పద్ధతిలో మాయాదృశ్యాన్ని కెమెరాలోనే పుట్టించాలి: కటకం ముందు సగభాగాన్ని నల్లని అట్టతో మూసి ఒకసారి చిత్రీకరించి, ఫిలింను సరిగ్గా మొదలుపెట్టిన చోటికి వెనక్కి తిప్పి, ఈసారి రెండో సగాన్ని మూసి మళ్ళీ చిత్రీకరిస్తే ఒకే చట్రంలో రెండు లోకాలు కలుస్తాయి, రెండోసారి కెమెరా వెంట్రుకవాసి కదిలినా అంతా వృథా. సురభి వేదిక పక్కన తాడు పట్టుకున్న మనిషికి కావలసిన గురి ఇక్కడ కెమెరామన్ వేళ్ళకు కావలసి వచ్చింది. 1952 జనవరిలో జరిగిన మొదటి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైన ఏకైక దక్షిణాది చిత్రం పాతాళభైరవి. తరువాత సురభి వారే పాతాళభైరవిని తమ నాటకాల్లో చేర్చుకున్నారు, అంటే రంగస్థలం నుంచి విద్య తీసుకున్న సినిమా రంగస్థలానికి కథ తిరిగి ఇచ్చింది.

నాగిరెడ్డి, చక్రపాణులే 1947 జులైలో చందమామ పత్రికను ప్రారంభించినవారన్నది ఇక్కడ విడదీయరాని సంగతి. పిల్లల కోసం బొమ్మలతో అచ్చైన రాజుల కథలు, మాంత్రికుల కథలు, దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు, వాటికి చిత్రకారుడు చిత్ర గీసిన బొమ్మలు ఇంటింటా చదువుతున్న తరానికి అదే గృహం నుంచి పాతాళభైరవి, ఆ తరువాత జగదేకవీరుని కథ (1961) వచ్చాయి. మాంత్రికుడి గుహ ఎలా ఉంటుందో, శాపం తగిలిన కన్య ఎలా నిలబడుతుందో ప్రేక్షకుడికి ముందే తెలుసు. 1994లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో వచ్చిన భైరవద్వీపం నిర్మాణ సంస్థ పేరులోనే చందమామ ఉంది.

ఇంత సంపద ఇచ్చిన సుబ్బన్న దీక్షితుల పేరు మాత్రం సినిమా ప్రేక్షకుడికి దాదాపు తెలియదు. దీనికి చట్టం ఒక కారణం: భారతదేశంలో రచనాస్వామ్య హక్కు రచయిత భావాన్ని గాక ఆ భావానికి ఆయన ఇచ్చిన రూపాన్ని మాత్రమే కాపాడుతుంది, ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో స్పష్టంగా చెప్పింది. చిలకలో ప్రాణం, బలిపీఠం దగ్గర తలకిందులయ్యే ఎత్తు వంటి కథాంశాలు ఎవరి సొంతమూ కావు. అయితే చట్టం అడగకపోయినా కృతజ్ఞత అడుగుతుంది. జనం నోళ్ళలో నలుగుతున్న కథలను ఏరి, శుద్ధి చేసి, ఒక చట్రంలో కూర్చి పన్నెండు భాగాలుగా నిలిపిన మనిషిని వట్టి సేకర్తగా చూడటం వల్ల తెలుగు అద్భుత సాహిత్యానికి తన చరిత్ర తనకే తెలియకుండా పోయింది.

అరువు కథ ఎన్ని చేతులు మారుతుందో చూపే మరో గొలుసు కూడా కాకినాడ గుండానే సాగింది. నీలదర్పణ్ రచయిత దీనబంధు మిత్ర బెంగాలీలో బతికుండగానే యమలోకానికి చేరిన మనిషి కథ ఒకటి రాశారు. ఆ కథ 1958లో బెంగాలీ చిత్రమైంది. కలకత్తాతో పాత పరిచయమున్న పుల్లయ్య దానిని 1960లో దేవాంతకుడుగా తెలుగులో తీశారు. 1977 నాటి యమగోల ఆ దారిలోనే నడిచింది, 2007లో రాజమౌళి తీసిన యమదొంగ నాటికి మానవుడు యముడితో వాదించి గెలవడం తెలుగువారి సొంత కథే అన్నంతగా ఇంకిపోయింది. యముడి కొలువు తెలుగువాడికి హరికథల్లో, వీధినాటకాల్లో ముందే పరిచయం కాబట్టి బెంగాలీ కథకు ఇక్కడ పరాయితనం లేకపోయింది.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది సత్యరాజా పూర్వదేశయాత్రలు. కందుకూరి వీరేశలింగం 1890ల మొదటి సంవత్సరాల్లో, న్యాపతి సుబ్బారావు రాజమహేంద్రవరం నుంచి నడిపిన చింతామణి పత్రిక రోజుల్లో, జొనాథన్ స్విఫ్ట్ గలివర్ యాత్రల స్ఫూర్తితో రాసిన వచన గ్రంథమది. కథానాయకుడు చేరుకునే ఆడుమళయాళంలో ఆడవారు ఏలుతారు, మగవారు ఇల్లు కాచుకుని పత్నీవ్రత ధర్మం పాటిస్తారు. ఆడవారి మీద సమాజం మోపిన నియమాలన్నీ మగవాడి మెడకు తగిలించి వాటి అన్యాయాన్ని బయటపెట్టడం రచయిత ఉద్దేశం. మరో భాగంలో నాయకుడు మహాకాయుల మధ్య చీమంతవాడై తిరుగుతాడు. ఉన్న లోకంలోని ఒక్క నియమాన్ని మార్చి, ఆ మార్పు వల్ల మిగతా జీవితమంతా ఎలా మారుతుందో తర్కబద్ధంగా ఊహించి చెప్పడం సైన్స్ ఫిక్షన్ పని అనుకుంటే, తెలుగులో ఆ పనికి పునాది రాజమహేంద్రవరంలోనే పడింది. దృశ్యపరంగా చూసినా మరుగుజ్జు, మహాకాయుడు ఒకే చట్రంలో కనిపించడం మాయాబజార్‌ను సినిమాగా తీసిన కెమెరాలకు అసాధ్యం కాదు. అయినా ఏ నాటక సమాజమూ దీనిని తన పేరు మోగేలా ఆడలేదు, జానపద చిత్రాల స్వర్ణయుగమూ దీని జోలికి రాలేదు. నాటకాల్లోని యమలోకం ప్రేక్షకుడికి ఎరుకైన లోకం, ఆడుమళయాళం కొత్తది. మాంత్రికుడి కథలో ఉత్కంఠ సంఘటనలో ఉంటుంది, వీరేశలింగం కథలో వ్యాఖ్యానంలో ఉంటుంది. అన్నిటికీ మించి ఆ వ్యాఖ్యానం టికెట్టు కొనే మగవాణ్ణే వేలెత్తి చూపుతుంది. ఈ పుస్తకం తెరకు రాకపోవడం తెలుగు సినిమా పోగొట్టుకున్న అవకాశాల్లో పెద్దది.

ప్రపంచ సినిమాలో పరిస్థితి వేరు. 1902లోనే జార్జ్ మెలియెస్ జూల్ వెర్న్, హెచ్.జి. వెల్స్ నవలల ఛాయల్లో చంద్రయాత్రను చిత్రించాడు, అప్పటినుంచి సైన్స్ కథ తెరకు సహజమైన వస్తువైంది. తెలుగులో ఆ తరహా పూర్తి స్థాయి ప్రయత్నం 1991 జులైలో విడుదలైన ఆదిత్య 369. సింగీతం శ్రీనివాసరావు 1895 నాటి వెల్స్ నవల కాలయంత్రాన్ని స్ఫూర్తిగా తీసుకున్నా ఆ యంత్రాన్ని వేరే పనికి పెట్టారు. వెల్స్ యాత్రికుడు వెళ్ళేది భవిష్యత్తుకే. తెలుగు చిత్రంలోని యంత్రం ముందుగా 1526 నాటి విజయనగరానికి, కృష్ణదేవరాయల కొలువుకు వెళ్తుంది, ఆ తరువాతే 2504కు. రాయల కొలువు నాటకాల్లోనూ తెనాలి రామలింగడి కథల్లోనూ తెలుగువాడు ఎన్నోసార్లు కూర్చున్న చోటు. సైన్స్ కథ తెలుగు తెరపై కాలూనడానికి తెలిసిన గతం గుండా నడవవలసి వచ్చింది, ఆ నడక ఎంతో సొగసుగా కుదిరింది.

నవల నుంచి నేరుగా, రచయిత పేరుతో సహా సినిమాకు వచ్చిన ఘట్టం యండమూరి వీరేంద్రనాథ్‌ది. రాజోలులో పుట్టిన యండమూరి రాసిన తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి సంచలనం రేపింది. ఒక పసిపిల్లకు పట్టిన వ్యాధికి చేతబడి కారణమా, వైద్యశాస్త్రం వివరించగల మరేదైనానా అన్న ప్రశ్నను రచయిత రెండు సమాంతర దారుల్లో నడుపుతాడు. పాఠకుడు ఒక అధ్యాయంలో ఒకదాన్ని, మరో అధ్యాయంలో మరోదాన్ని నమ్ముతాడు. కన్నడంలో 1985లో తులసీదళగా, దాని తరువాతి నవల తులసి ఆధారంగా తెలుగులో 1986లో కాష్మోరాగా చిత్రాలు వచ్చాయి. ఇలాంటి రచనను తెరకెక్కించడంలోని మౌలికమైన ఇబ్బంది సందేహాన్ని చూపలేకపోవడం. అక్షరాల్లో కాష్మోరా అనే క్షుద్రశక్తి ఉందో లేదో తెలియకుండా మూడు వందల పుటలు నడపవచ్చు, కెమెరా ముందు వేషం వేసుకుని నిలబడ్డాక అది ఉన్నట్టే లెక్క, అప్పుడు శాస్త్రం వైపు వాదన నీరసపడుతుంది.

బొమ్మల కథకూ సినిమాకూ ఉన్న బంధం గురించి చెప్పాలంటే నరసాపురంలో 1933లో పుట్టిన బాపును తలచుకోవాలి. ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా మొదలైన బాపు, ధవళేశ్వరంలో 1931లో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణతో కలిసి 1967లో సాక్షితో దర్శకుడైనప్పుడు ఒక కామిక్ పుస్తకాన్ని తెరకెక్కించలేదు, కామిక్ గీసేవాడి చూపునే తెరకెక్కించారు. ప్రతి షాట్‌నూ ముందుగా బొమ్మగా వేసుకోవడం ఆయన పద్ధతి. ఇలా గీసుకున్న బొమ్మల వరుసను స్టోరీబోర్డు అంటారు: మనిషి చట్రంలో ఎంత భాగం ఆక్రమించాలో, ఎటు చూడాలో, ఖాళీ ఎక్కడ వదలాలో అందులో ముందే తేలిపోతుంది. సంపూర్ణ రామాయణం (1971), సీతాకల్యాణం (1976) చూస్తే పాత్రలు పక్కకు ఒరిగి నిలబడటంలో, ఆకాశానికి వదిలిన పెద్ద ఖాళీలో ఆ గీత కనిపిస్తుంది. పౌరాణిక చిత్రం అంతకుముందు దాకా నాటక వేదికలా ఎదురుగా నిలబెట్టి చూపిన లోకాన్ని బాపు పుస్తకం పుటలా చూపారు. తెరకూ పుస్తకానికీ నడుమ నాటకం ఉండి తీరాలన్న పాత ఏర్పాటును కుంచెతో దాటిన తొలి దర్శకుడాయన.

ఆ దాటు తరువాతి తరంలో స్థిరపడింది. ఎస్.ఎస్. రాజమౌళి కుటుంబానికి కొవ్వూరు సొంత ఊరు. చదువుకున్న రోజుల్లో కొంత భాగం ఆయన అక్కడే గడిపారు. 1967లో అనంత్ పాయ్ సంపాదకత్వంలో మొదలైన అమర్ చిత్రకథ బొమ్మల పుస్తకాలు తన ఊహకు మూలమని రాజమౌళి పలుమార్లు చెప్పారు. తండ్రి విజయేంద్రప్రసాద్ కథతో ఆయన తీసిన బాహుబలి రెండు భాగాలు (2015, 2017) ఏ ఒక్క పుస్తకానికీ అనుసరణ కాదు. అయినా జలపాతాన్ని ఎక్కుతున్న ఒంటరి వీరుడు, భుజాన శివలింగం మోస్తూ ఏటిలో నడిచే యువకుడు, తల ఎత్తి చూస్తే తప్ప కొస కనిపించని విగ్రహం, ఇవన్నీ ఒక్క గడిలో కథంతా చెప్పవలసిన బొమ్మల పుస్తకపు కూర్పులు. తీగలూ నల్లని అట్టలూ చేసిన పని కంప్యూటర్ గ్రాఫిక్స్‌కు మారింది, కానీ ఆ గ్రాఫిక్స్‌కు ముందు ఎవరో కాగితం మీద బొమ్మ గీయవలసిందే.

బాహుబలితో ప్రయాణపు దిశ కూడా మారింది. 1951లో సినిమాకు వెనుక పుస్తకం ఉంది, సినిమా దాని పేరు చెప్పకుండానే దానిని జనంలోకి తీసుకెళ్ళింది. 2017లో సినిమాకు వెనుక కాదు, సినిమా తరువాత పుస్తకం వచ్చింది: బాహుబలి కథకు పూర్వరంగంగా ఆనంద్ నీలకంఠన్ అందులోని శివగామి పాత్ర యౌవనకాలాన్ని నవలగా రాశారు, కామిక్‌లూ యానిమేషన్ ధారావాహికా వెలువడ్డాయి. కొవ్వూరు మూలాలున్న ఒక తెలుగు కథకు అక్షరరూపం ఇచ్చిన ఆ నవల మొదట రాసింది ఇంగ్లీషులో. అవతలి ఒడ్డున రాజమహేంద్రవరంలో పన్నెండు భాగాల తెలుగు అద్భుత గ్రంథం అచ్చులో నిలిచి అప్పటికి ఎన్నో దశాబ్దాలు గడిచాయి.